చీనీ, కర్బూజ రైతులకి బ్రిక్స్ మీటరు: అనంతపురం ఎండల్లో వాడి చూసి రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తున్నా. చీనీ (బత్తాయి) తోట ఉన్నవాళ్ళు, కర్బూజ, కలింగర (పుచ్చ) వేసేవాళ్ళు, రసంలో తీపి ఎంతుందో అంకెలో చూపించే ఈ చేతి బ్రిక్స్ మీటరు ఒకటి కొని ఇంట్లో పెట్టుకోండి. అరటి ఒక్కటే పెట్టేవాళ్ళకి మాత్రం దండగ, ఎందుకో కింద చెప్తాను. బ్రాండు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఒకే అచ్చులో పోసినట్టున్న మీటర్లనే రకరకాల పేర్లతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, ఏ పేరుతో కొన్నా చేతికొచ్చేది దాదాపు ఇదే. నాకు 1,200 పైచిలుకు పడింది. డిజిటల్‌వి కూడా ఉన్నాయి, వాటి రేటు చాలా ఎక్కువ, రైతుకి అంత అక్కర్లేదు.

మాది గార్లదిన్నె వైపు. చీనీ చెట్లు నాన్న పెట్టినవి, డ్రిప్పు మీద కర్బూజ నేను మొదలుపెట్టింది. చదువు ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ, ఇక్కడే కృష్ణదేవరాయ యూనివర్సిటీలో. మొక్కల్లో పిండి, చక్కెర ఎట్లా తయారవుతాయి, ఎట్లా కదుల్తాయి, ఎక్కడ దాగుతాయి అన్నది నాకు చాలా ఇష్టమైన సబ్జెక్టు, దాని మీద పనిచేసిన సైంటిస్టులంటే ఇప్పటికీ గౌరవం. అందుకే ఈ రివ్యూ మామూలు రివ్యూలకంటే పొడుగవుతుంది. సామాను ఎట్లుందో చెప్పి ఊరుకుంటే సరిపోదు, అది చూపించే అంకె వెనకాల ఆకులో, కాయలో ఏం జరుగుతోందో తెలియకపోతే ఆ అంకెతో ఏం చేయాలో తెలియదు.

పెట్టెలో వచ్చేది ఇదీ: జానెడు పొడుగున్న ఒక గొట్టం, ఒక చివర కంటికి పెట్టుకునే రబ్బరు కప్పు, ఇంకో చివర ఏటవాలుగా కోసిన గాజు ప్రిజమ్, దాని మీద తెరిచి మూసే ప్లాస్టిక్ మూత. రసం వేయడానికి ఒక డ్రాపరు, తుడుచుకోవడానికి ఒక గుడ్డ, చిన్న స్క్రూడ్రైవరు. ప్రిజమ్ మీద రెండు చుక్కలు రసం వేసి, మూత మూసి, వెలుతురు వైపు తిప్పి చూడాలి. పైన నీలం, కింద తెలుపు, రెండూ కలిసే గీత ఏ అంకె దగ్గరుంటే అదే బ్రిక్స్. సూర్యుడి వైపు నేరుగా తిప్పొద్దు, ఆకాశం వైపు చాలు. మూత మూసేటప్పుడు లోపల గాలి బుడగ ఉండకూడదు, బుడగుంటే గీత పలచగా, అలుక్కుపోయినట్టు కనపడుతుంది. కాయ గుజ్జు నేరుగా రుద్దితే కూడా అంతే, పల్చటి తెల్ల గుడ్డలో వేసి పిండి ఆ రసం వేయాలి. చీనీ అయితే ఇంకో తంటా, తొక్కలో నూనె ఉంటుంది కదా, పిండేటప్పుడు ఆ నూనె చింది ప్రిజమ్ మీద పడిందంటే రంగురంగుల పొర కడుతుంది. తొక్క తీసేసి తొనలు పిండుకోండి.

వాడే ముందు నీళ్ళు వేసి సున్నా చూసుకోవాలి. పైనున్న చిన్న రబ్బరు బిరడా తీస్తే స్క్రూ ఉంటుంది, దాన్ని వెంట్రుకవాసి తిప్పితే గీత కదుల్తుంది. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి, ఏ ఆటో స్పేర్స్ షాపులోనైనా దొరుకుతుంది. మన బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువ. సున్నా దగ్గర పెద్ద తేడా రాదు గానీ, తుడవడం మర్చిపోతే గాజు మీద తెల్ల మచ్చలు కట్టి పోనే పోవు. కొళాయి కింద పెట్టి కడగొద్దు, లోపలికి నీళ్ళు దిగితే గొట్టమంతా ఆవిరి పట్టేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఇప్పుడు నా అసలు కంప్లైంటు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘ఏటీసీ’ అని రాసుంది, అంటే వేడిని బట్టి తనే సర్దుకుంటుందని. చిన్న కాగితంలో చదివితే తెలుస్తుంది, ఆ సర్దుబాటు 10 నుంచి 30 డిగ్రీల మధ్య మాత్రమే అని. అనంతపురంలో కర్బూజ కోసే కాలం ఏప్రిల్, మే, మధ్యాహ్నం 40 దాటుతుంది. గొట్టం బండి సీటు మీద పెట్టి మర్చిపోతే అది ఇంకా వేడెక్కుతుంది. రసం వేడెక్కితే వెలుతురు తక్కువ వంగుతుంది, అంకె తక్కువ చూపిస్తుంది. సర్దుబాటు పనిచేయని చోట పది డిగ్రీల వేడికి ముప్పాతిక పాయింటు దాకా పడిపోతుంది. 10కీ 11కీ మధ్య రేటు మాట్లాడుకునే కాయకి ముప్పాతిక పాయింటు చిన్న తేడా కాదు. కాబట్టి తెల్లవారుజామునో, లేదంటే కాయనీ మీటరునీ రెండింటినీ ఇంట్లో నీడలో కాసేపు పెట్టి చల్లబడ్డాకో చూడండి. ఈ సంగతి అమ్మేవాళ్ళు ముందే చెప్పాలి. చలిదేశాలకి సరిపోయే సామాను మన దగ్గర అమ్ముతూ, మన ఎండలకి పనికొస్తుందా లేదా అని ఒక్క మాట రాయకపోవడం నాకు నచ్చలేదు.

బ్రిక్స్ అంటే ఏందంటే, 100 గ్రాముల రసంలో 10 గ్రాముల చక్కెర కరిగి ఉంటే 10. అంతే. పంతొమ్మిదో శతాబ్దంలో అడాల్ఫ్ బ్రిక్స్ అనే జర్మన్ ఆయన ఈ లెక్క కట్టాడు, ఆయన పేరే నిలిచిపోయింది. మీటరు కొలిచేది చక్కెరని కాదు, వెలుతురు ఎంత వంగిందన్నదాన్ని. 20 డిగ్రీల దగ్గర మామూలు నీళ్ళకి ఆ వంపు లెక్క 1.333, పది శాతం చక్కెర నీళ్ళకి 1.348. ఇంత చిన్న తేడాని కంటికి కనపడే గీతగా మార్చడమే ఈ గొట్టం గొప్పతనం, కరెంటు లేదు, బ్యాటరీ లేదు. అయితే రసంలో కరిగినవన్నీ, పులుపుతో సహా, ఆ అంకెలో కలుస్తాయి. నిమ్మకాయ పిండి చూడండి, 7, 8 చూపిస్తుంది, దాన్ని తియ్యన అనగలమా? కాబట్టి చీనీకి అంకె చూసి, నోట్లో కూడా వేసుకుని చూడాలి. కర్బూజకి పులుపు దాదాపు లేదు కాబట్టి అంకెనే నమ్మొచ్చు.

మా తోటలో చూసినంతలో చీనీ 9 నుంచి 11 మధ్య ఆడుతుంది. ఒకే చెట్టుకి కూడా తేడా ఉంటుంది, ఎండ బాగా తగిలే పైకొమ్మ కాయకీ లోపల నీడలో ఉన్న కాయకీ ఒక పాయింటు దాకా తేడా చూశాను. కర్బూజలో అయితే ఒకే కాయలో తేడా. తొక్క పక్కన గుజ్జు చప్పగా, గింజల వైపు గుజ్జు తియ్యగా ఉంటుంది, పువ్వు రాలిన వైపు ఎక్కువ, తొడిమ వైపు తక్కువ. అమ్మేవాడు గింజల పక్కన తీసి చూపిస్తాడు, వద్దనుకునేవాడు తొక్క పక్కన తీసి చూపిస్తాడు. నేను తొక్క నుంచి గింజల దాకా ఒక ముక్క నిలువుగా కోసి, ముక్క మొత్తం పిండి చూస్తున్నా, అదే న్యాయం. అమెరికాలో కర్బూజ గ్రేడింగు నియమాల్లో 9 ఉంటే మంచి కాయ, 11 ఉంటే చాలా మంచి కాయ అంటారు. మన దగ్గర కూడా ఈ లెక్క పెట్టుకుంటే బాగుంటుందని నా అభిప్రాయం.

ఇక అసలు విషయానికి వస్తా. ఈ మీటరు కొన్నాక నాకు బాగా అక్కరకొచ్చింది ఒక అబద్ధాన్ని పట్టుకోవడానికి. టౌనులో పండ్ల బండి దగ్గర మనమందరం వినే మాటే: ‘రెండు దినాలు ఇంట్లో పెట్టుకోన్నా, తియ్యగయితాది.’ కర్బూజకి చెప్తారు, కలింగరకి చెప్తారు, చీనీకి కూడా చెప్తారు. కర్బూజ ఒకే తీగవి రెండు తీసుకుని, ఒకటి ఆరోజే, ఇంకోటి నాలుగు రోజులు ఆగి చూడండి. ఆగిన కాయ మెత్తబడుతుంది, ఇల్లంతా ఘుమఘుమలాడుతుంది, ముక్కుకి తియ్యగా అనిపిస్తుంది కూడా. మీటరులో గీత మాత్రం పైకి పోదు. ఎందుకు పోదన్నది మొక్కల బయోకెమిస్ట్రీలో చక్కగా తేలిన సంగతి.

ఆకు గాలిలోంచి కార్బన్ డయాక్సైడు తీసుకుని చక్కెర ఎట్లా చేస్తుందన్నది కాలిఫోర్నియాలో మెల్విన్ కాల్విన్, బెన్సన్, బాషమ్ కలిసి రేడియోధార్మిక కార్బన్‌తో మెట్టు మెట్టుగా తేల్చారు, దానికి కాల్విన్‌కి 1961లో నోబెల్ వచ్చింది. ఆకులో ముందు తయారయ్యేది మూడు కార్బన్ల చిన్న ముక్కలు. అవి క్లోరోప్లాస్టు (ఆకు కణంలో పచ్చదనం ఉండే చిన్న సంచి) దాటి బయటికొచ్చి, అక్కడ మనం ఇంట్లో వాడే చక్కెర, అంటే సుక్రోజ్, అవుతాయి. ఆ సుక్రోజ్ కట్టడానికి గ్లూకోజు ఒంటరిగా పనికిరాదు, దానికి యూడీపీ అనే ఒక పిడి తగిలించాలి. అట్లాంటి పిడి ఉన్న చక్కెరల్ని కనిపెట్టింది అర్జెంటీనాలో లూయిస్ లెలోయిర్. ఆయనకి 1970లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. పెద్ద పెద్ద ల్యాబులు ఉన్న దేశం కాదు, డబ్బుల్లేని చిన్న సంస్థలో పనిచేసి ఇంత పని చేశాడు, ఆయన గురించి ఎప్పుడు చదివినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఆ సుక్రోజ్ ఆకు ఈనెల్లోంచి చక్కెర మోసే ఫ్లోయమ్ గొట్టాల్లోకి దిగి కాయ దాకా పోతుంది. కణంలోంచి బయటికి వచ్చే ఆ తలుపులు ఏమిటో చాలా ఏళ్ళు తెలియలేదు, 2010లో వోల్ఫ్ ఫ్రామర్ బృందం స్వీట్ అనే ప్రోటీన్ల కుటుంబాన్ని గుర్తించింది. కర్బూజ, దోస జాతి తీగలది ఇంకో పద్ధతి, అవి ఎక్కువగా స్టాకియోజ్ అనే పెద్ద చక్కెరని పంపిస్తాయి, కాయ దాన్ని విరగ్గొట్టుకుని మళ్ళీ సుక్రోజ్ కట్టుకుంటుంది. ఇంత దూరం ఎందుకు చెప్తున్నానంటే, ఈ దారి మొత్తం ఆకు దగ్గర మొదలై తొడిమ గుండా కాయలోకి వస్తుంది. తొడిమ తెగిన రోజే ఆ దారి మూసుకుపోయింది. కర్బూజ తన గుజ్జులో పిండి దాచుకోదు. లోపల నిల్వ లేనప్పుడు, బయటినుంచి వచ్చేది ఆగిపోయినప్పుడు, తీపి ఎక్కడినుంచి పెరుగుతుంది? చీనీ, కలింగర, దానిమ్మకీ ఇదే వర్తిస్తుంది. చీనీని నిల్వ పెడితే పులుపు మెల్లగా తగ్గుతుంది, అందుకని నాలుకకి కాస్త తియ్యగా తోచొచ్చు, అంతే. బొప్పాయిలో కూడా పిండి లెక్కలోకి రానంత తక్కువ, పచ్చిగా కోసింది రంగు తిరుగుతుంది గానీ చెట్టున పండినదాని తీపి రాదు.

అరటి, మామిడి వేరు. అవి ఆకు పంపిన చక్కెరని పిండిగా మార్చి దాచుకుని కూర్చుంటాయి. పచ్చి అరటి గుజ్జులో ఐదో వంతు దాకా పిండే ఉంటుంది. కాయని పండించే ఎథిలీన్ అనే గ్యాసు తగలగానే ఎంజైములు లేచి ఆ పిండిని చక్కెరగా కోస్తాయి, పండేసరికి పిండి ఒకటి రెండు శాతం మిగిలితే ఎక్కువ. అందుకే అరటి గెలని పచ్చిగా కోసి ఎంత దూరమైనా పంపొచ్చు, తాడిపత్రి వైపు నుంచి అరటి విదేశాలకి పోతోందంటే ఈ గుణం వల్లే. మీటరు అరటికి దండగ అన్నది కూడా ఇందుకే. పిండి నీళ్ళలో కరగదు, వెలుతురుని వంచదు. బాగా ముదిరిన పచ్చి గెల, లేత గెల, రెండూ మీటరుకి ఒకటే. అరటికి, మామిడికి మందుల షాపులో దొరికే టించర్ అయోడిన్ చుక్క చాలు, కోసిన ముఖం మీద వేస్తే పిండి ఉన్న మేరా నల్లగా మారుతుంది, పండేకొద్దీ ఆ నలుపు తగ్గిపోతుంది. ఆ ముక్క తినొద్దు, పారేయండి. మా మామ తోటలో అరటి కోసి చూపిస్తే, పచ్చికాయ ముఖం మొత్తం మసిబొగ్గు రంగులోకి తిరిగింది, రంగు తిరిగిన కాయకి మరకలు మరకలుగానే అంటింది. మామ కాసేపు రెండు ముక్కలనీ పక్కపక్కన పెట్టి చూసి, ‘ఇంత పిండి ఉంటుందా రా దీంట్లో!’ అన్నాడు.

పండ్ల మాగబెట్టడం గురించి ఒక మాట. కాల్షియం కార్బైడు మన దేశంలో నిషేధం, ఎథిలీన్ గ్యాసు 100 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలికి 100 పాళ్ళు) దాకా వాడొచ్చని ఆహార భద్రతా సంస్థ అనుమతి ఇచ్చింది. అరటికి, మామిడికి ఎథిలీన్ నిజంగా లోపలి పనిని నడిపిస్తుంది. అదే గ్యాసు చీనీకి పెడితే తొక్కలో పచ్చరంగు పోయి పసుపు వస్తుంది, లోపల రసం ఎట్లుండేది అట్లే ఉంటుంది. కాబట్టి పసుపు తొక్క చూసి చీనీ కొనొద్దు. మన చీనీ పచ్చగా ఉన్నా తియ్యగా ఉండొచ్చు, చూడటానికి నిమ్మపండు రంగులో ఉన్నది 8 చూపించొచ్చు.

రైతుకి ఈ మీటరు ఎట్లా పనికొస్తుందో ఇప్పుడు చెప్తా, ఇదే అన్నిటికంటే ముఖ్యం. 1989లో నార్త్ కెరొలైనాలో హబ్బర్డ్, హ్యూబర్, ఫార్ అనే ముగ్గురు కర్బూజ కాయలు పెరిగేకొద్దీ లోపలి ఎంజైముల్ని కొలిచారు. కాయ లేతగా ఉన్నప్పుడు యాసిడ్ ఇన్వర్టేజ్ అనే ఎంజైము బాగా పనిచేస్తూ ఉంటుంది, వచ్చిన సుక్రోజ్‌ని విరగ్గొట్టి పెరగడానికి వాడేస్తుంది. కాయ పక్వానికి వచ్చేటప్పుడు ఆ ఎంజైము పడిపోతుంది, సుక్రోజ్ కట్టే ఎంజైము లేస్తుంది, అప్పుడే తీపి కుప్పపడడం మొదలవుతుంది. చప్పటి రకాల్లో ఈ మలుపు సరిగ్గా రాదు. దీని అర్థం, కాయ సైజు వచ్చేసిన తర్వాతే తీపి వస్తుంది, అది కూడా కోతకి ముందున్న చివరి రోజుల్లో, రెండు వారాల లోపల. మన దగ్గర జరుగుతున్నదేంది? సైజు వచ్చింది, తొక్క మీద వల తేలింది, రేటుంది, కోసెయ్. దూరం పోయే లోడైతే ఇంకా ముందే కోసేస్తారు. 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు మొదలైనప్పుడు దాంట్లో చీనీ, కర్బూజ, బొప్పాయి కూడా పోయాయి, అంత దూరం పోయే కాయని పూర్తిగా పండనిచ్చి కోస్తే దారిలో మెత్తబడుతుందని భయం ఉంటుంది, ఆ భయం నాకూ అర్థమవుతుంది. కానీ వారం ముందు కోసిన కర్బూజకి పోయేది వారం తీపి మొత్తం. ఢిల్లీలో కొన్నవాడు ఒకసారి చప్పకాయ తింటే మళ్ళీ మన పేరు ఉన్న పెట్టె కొనడు.

నేను ఇప్పుడు చేస్తున్నది ఇదీ. సైజు వచ్చిన దగ్గర్నుంచి రోజు మార్చి రోజు, పొలంలో వేర్వేరు చోట్ల కొన్ని కాయలు కోసి చూస్తా. గీత పాకుతూ ఉంటే ఆగుతా. రెండుసార్లు వరసగా ఒకే చోట నిలబడిందంటే ఇంక ఆకు పంపేది అయిపోయినట్టు, కోత పెట్టేస్తా. తొడిమ చుట్టూ సన్నగా పగులు కట్టి, ముట్టుకుంటే ఊడొచ్చే దశ కూడా చూసుకుంటా, మీటరు ఒక్కటే కాదు. ఆ చివరి రోజుల్లో నీళ్ళు తగ్గిస్తాం, లేకపోతే రసం పల్చబడి అంకె పడుతుంది. యూరియా జోలికి పోకూడదు, తీగ కొత్త చిగుళ్ళు వేసుకుని కాయకి రావాల్సింది అటు లాక్కుంటుంది.

అన్నిటికంటే పెద్ద సంగతి ఆకు. తీపి చివర్లో వస్తుంది కాబట్టి, ఆ చివర్లో ఆకు బతికి ఉండాలి. కాయ సైజు వచ్చేసింది కదా, ఇంక మందెందుకని చాలామంది వదిలేస్తారు, సరిగ్గా అప్పుడే బూడిద తెగులో, బూజు తెగులో వచ్చి ఆకంతా ఎండిపోతుంది. మా పక్క చేనులో అట్లే అయింది. కాయలు చూస్తే మా కాయలకంటే పెద్దవి, వల బ్రహ్మాండంగా తేలింది, ఎవరు చూసినా రెండో మాట లేకుండా తీసుకుంటారు. కోసి చూస్తే 7 దాటలేదు. ఆకు లేని తీగకి కాయ సైజు ఎంతున్నా లోపల ఉండేది నీళ్ళే. ఆ రైతు కష్టజీవి, పొరపాటు ఆయనది కాదు, చివరి రెండు వారాల ఆకు విలువ ఎంతో ఆయనకి చెప్పినవాళ్ళు లేరు. మందుల షాపులో పూత మందు, కాయ సైజు మందు గురించి గంటసేపు చెప్తారు, కోత ముందు ఆకు కాపాడుకో అని ఎవరూ చెప్పరు. కొట్టే మందుకి కోతకి ముందు ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద రాసి ఉంటుంది, అది తప్పకుండా పాటించాలి, అందుకే తెగులు కనపడకముందే జాగ్రత్త పడాలి.

ఇంకో ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, పొద్దున కోస్తే తియ్యగుంటుందా, సాయంత్రం కోస్తేనా అని. ఎండలో ఆకు చక్కెర చేస్తుంది కాబట్టి సాయంత్రమే మేలని వాళ్ళ లెక్క. ఆకు పగలు చేసిందంతా పగలే పంపించదు. కొంత ఆకులోనే పిండిగా దాచుకుని, రాత్రి దాన్ని కరిగించి పంపుతూ ఉంటుంది. ఇంగ్లండులో నార్విచ్ దగ్గర జాన్ ఇన్నెస్ సెంటర్‌లో ఆలిసన్ స్మిత్ అనే మొక్కల బయోకెమిస్టు ఏళ్ళ తరబడి దీని మీదే పనిచేసింది. ఆవాల కుటుంబంలోని ఒక చిన్న మొక్కలో వాళ్ళు చూసింది ఏమంటే, సాయంత్రానికి ఉన్న పిండి సరిగ్గా తెల్లవారేసరికి అయిపోయేలా మొక్క వాడుకుంటుంది. ఉన్నట్టుండి ముందే చీకటి చేసినా, వేగం తగ్గించుకుని మళ్ళీ తెల్లారేదాకా సరిపెట్టుకుంటుంది. ఉన్న పిండిని మిగిలిన గంటలతో భాగించినట్టే నడుస్తుందని 2013లో లెక్క కట్టి మరీ చూపించారు. నెల జీతం నెలాఖరు దాకా సరిపెట్టే ఇల్లాలి లెక్క అది. మెదడు లేని మొక్క ఇంత లెక్క చేస్తుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం తీరలేదు. కాబట్టి కాయకి రాత్రి కూడా తీపి చేరుతూనే ఉంటుంది, పొద్దున కోసినా నష్టం లేదు, పైగా చల్లగా ఉన్న కాయ ఎక్కువ రోజులు నిలుస్తుంది. రాత్రిళ్ళు కూడా వేడిగా ఉండే రోజుల్లో మాత్రం మొక్క తన శ్వాసకే ఎక్కువ చక్కెర కాల్చేసుకుంటుంది, కాయకి మిగిలేది తగ్గుతుంది. మే నెలాఖరు కాయ ఏప్రిల్ కాయంత తియ్యగా ఎందుకుండదో దీంట్లో కొంత ఉంది.

మండీలో ఈ మీటరుకి విలువ ఉందా అంటే, ఇప్పటికైతే లేదు. చీనీ తీసుకుపోయి, ‘అన్నా, ఇదిగో 11 చూపిస్తోంది, నువ్వే చూడు’ అని అక్కడి వ్యాపారికి గొట్టం ఇస్తే, ఆయన కంటికి పెట్టుకుని చూసి, ‘బాగుందబ్బా, అయితే సైజు చూపించు, తొక్క మీద మంగు ఎంతుందో చూపించు’ అన్నాడు. పాపం ఆయన తప్పు కూడా కాదు, ఆయన దగ్గర కొని పోయేవాళ్ళు కూడా అవే అడుగుతారు. మంగు అంటే నల్లి తిన్న మరక, తొక్క మీదే ఉంటుంది, రసానికి సంబంధం లేదు. మరక ఉన్న తియ్యటి కాయకి సగం రేటు, నున్నటి చప్పకాయకి పూర్తి రేటు, ఈ పద్ధతి నాకు చాలా బాధగా ఉంటుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే జిల్లాలో, బోర్ల మీద బోర్లు వేసి బతికించుకున్న చెట్టు కాయ అది. మార్కెట్ యార్డులో ఒక బల్ల మీద ఇట్లాంటి మీటరు ఒకటి, డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి పెట్టి, లాటుకి నాలుగు కాయలు పిండి అంకె బోర్డు మీద రాస్తే ఎంత ఖర్చవుతుంది? మొదట్లో ఎవరూ పట్టించుకోకపోవచ్చు, రెండు సీజన్లు రాస్తే కొనేవాళ్ళే అడుగుతారు.

బెంగళూరుకి నేరుగా కాయ పంపే చిన్న వ్యాపారి ఒకాయన మాత్రం ఇప్పుడు అంకె అడుగుతున్నాడు. గీత ఫోనులో ఫోటో తీసి పంపమంటాడు. ఫోటో తీయడం కొంచెం కష్టమే, ఫోను కెమెరాని రబ్బరు కప్పుకి ఆనించి కదలకుండా పట్టుకోవాలి, ఒకరు గొట్టం పట్టుకుంటే ఇంకొకరు తీయాలి. 10 పైన ఉన్న లోడుకి ఆయన కిలోకి రెండు రూపాయలు ఎక్కువే కట్టాడు. మీటరు ఖర్చు దాంతోనే తేలిపోయింది.

ఇంట్లో తినడానికి పండ్లు కొనుక్కునేవాళ్ళకి ఇది అవసరమా? అక్కర్లేదు. షాపువాడు కాయ కోసి పిండనివ్వడు కదా. వాళ్ళకి చెప్పేది ఒక్కటే, కర్బూజని తొడిమ ఊడిన గుంట చూసి, వాసన చూసి ఆరోజు తినేదే కొనుక్కోండి, పెట్టుకుంటే తియ్యబడుతుందని తీసుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్ళు కూడా కొందరు అడిగారు, అంకె తక్కువున్న కాయ తినొచ్చా అని. మీటరు దానికోసం కాదు. రక్తంలో షుగర్ ఎంత పెరుగుతుందో ఇది చెప్పదు. పచ్చి అరటిలో అంకె తక్కువ చూపించినా పిండి నిండా ఉంటుంది, అది మీ డాక్టరునే అడగండి.

కొనేవాళ్ళు స్కేలు చూసుకుని కొనండి. పండ్లకి కావాల్సింది 0 నుంచి 32 దాకా ఉన్నది. 58 నుంచి 90 ఉన్నది తేనెకి, దాంట్లో చీనీ రసం వేస్తే ఏమీ కనపడదు. 0 నుంచి 90 దాకా అన్నీ ఒకేదాంట్లో అని అమ్మేది కూడా వద్దు, గీతలు మరీ దగ్గర దగ్గరగా ఉండి అర పాయింటు తేడా తెలియదు. ఉప్పు కొలిచేవి కూడా ఇదే ఆకారంలో ఉంటాయి, ఫోటో చూసి మోసపోవద్దు. పార్సిలు రాగానే డిస్టిల్డ్ వాటర్ వేసి సున్నా చూడండి, తర్వాత 90 గ్రాముల నీళ్ళలో 10 గ్రాముల చక్కెర కరిగించి వేసి 10 దగ్గర గీత ఉందో లేదో చూడండి. బంగారం షాపు త్రాసు దొరికితే తూకం ఇంకా బాగా వస్తుంది. అర పాయింటు కంటే ఎక్కువ తేడా ఉంటే వాపసు గడువు దాటకముందే తిప్పి పంపేయండి. నాకు మొదట వచ్చినదాంట్లో ప్రిజమ్ అంచు దగ్గర గమ్ కారి ఉంది, సున్నా సరిగ్గా నిలబడలేదు, తిప్పి పంపితే గొడవ లేకుండా ఇంకోటి పంపారు. ఇప్పుడు వాడుతున్నది అదే.